చిట్టా, ఆవర్జా, చీటీ

యాసంగి కోతలు జోరందుకుంటే మఠంపల్లి నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ పోయే రోడ్డు మీద తెల్లవారకముందే వడ్ల ట్రాక్టర్లు బారులు తీరతాయి. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పండించిన పంట అది. మిల్లు గేటు దగ్గర టోకెన్ ఇస్తారు. ఆ తర్వాత తేమ చూసే బల్ల, కాంటా, వడ్లు దింపే గుంట, ఖాళీ బండితో మళ్లీ కాంటా, చివర తక్‌పట్టీ రాసే గది. ఈ మజిలీలన్నీ దాటితే తప్ప బండి ఇంటిముఖం పట్టదు.

అటువంటి ఒక మిల్లులో కాంటా ప్రోగ్రాం నేను రాశాను. తూకం యంత్రం నుంచి అంకె చదివి, టోకెన్‌తో జతచేసి, చీటీ అచ్చు వేసే చిన్న ప్రోగ్రాం. ఒక సాయంత్రం నేనక్కడ ఉండగా మా వైపు రైతొకాయన చీటీ చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. “కాంటా కాడ ఐదు నిమిషాలే పట్టె. తేమ చూసుడు అంతకన్నా తక్కువే. మరి చీకటితోటి వచ్చినోణ్ని పొద్దు వాలేదాంక ఈడ్నే ఎందుకున్న నాయనా?” అని అడిగాడు.

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను ప్రతి బల్ల దగ్గరి రిజిస్టరూ తిరగేశాను. నా ప్రోగ్రాం రాసుకున్న ఫైలూ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేమ బల్ల తన 4 నిమిషాలు రాసుకుంది, కాంటా తన 5 నిమిషాలు రాసుకుంది. ఆయన అడిగిన సమయం మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ లేదు. అది రెండు బల్లల నడుమ పోయిన సమయం. నడుమ ఉన్నదానికి రిజిస్టర్ పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

నడుస్తున్న ప్రోగ్రాం తన లోపల ఏం జరుగుతోందో తానే చెప్పేటట్టు చేయడమెలా, అలా చెప్పించే భారం దాని పనికి అడ్డు రాకుండా చూడడమెలా అన్నవే ఈ అధ్యాయంలో విషయాలు. ఇంజనీర్లు దీన్ని లాగింగ్, మెట్రిక్స్, ట్రేసింగ్ అని మూడు ముక్కలుగా చెబుతారు. మన కిరాణా కొట్లలో లెక్క రాసే గుమస్తాలకు ఇందులో రెండు ఎప్పటినుంచో తెలుసు. జరిగింది జరిగినట్టు, జరిగిన వరసలో రాసుకుంటూ పోయేది చిట్టా. ఆ చిట్టాలోంచి ఖాతాల వారీగా ఎత్తి రాసి, మొత్తాలు కట్టేది ఆవర్జా. లాగ్ అంటే చిట్టా. మెట్రిక్ అంటే ఆవర్జాలో ఆఖరి అంకె. మూడోదైన ట్రేస్‌కు పోలిక కొట్టులో దొరకదు, మిల్లు గేటు దగ్గర దొరుకుతుంది. ఒక బండితో పాటు బల్ల నుంచి బల్లకు ప్రయాణించి, ఎక్కడ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వదిలిందో అన్నీ తన మీదే రాయించుకునే చీటీ అది.

ముందు చిట్టా సంగతి.

ఆ ప్రోగ్రాం రస్ట్ భాషలో రాశాను. రస్ట్‌ను మొజిల్లాలో పనిచేస్తున్న గ్రేడన్ హోర్ 2006లో సొంత ప్రయత్నంగా మొదలుపెట్టాడు. మొదటి స్థిరమైన రూపం 2015 మే 15న వచ్చింది. మెమరీని ఎవరు వాడుతున్నారో, ఎంతసేపు వాడుతున్నారో కంపైలర్ ముందే లెక్క తేల్చుకుంటుంది కాబట్టి, ప్రోగ్రాం నడిచేటప్పుడు చెత్త ఊడ్చే పని వెనకాల పెట్టుకోనక్కరలేదు. కాంటా గదిలో మూలన ఉండే పాత కంప్యూటర్‌కు ఇటువంటి భాష బాగా సరిపోతుంది. మొదట్లో నేను చిట్టా కోసం అందరూ చేసేదే చేశాను. ఏదైనా జరిగినప్పుడల్లా ప్రింట్‌లైన్ మాక్రోతో ఒక వాక్యం తెర మీదికి పంపాను. విండోస్‌లో నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని ఉండేది, అందులో వాక్యాలు పైకి జరుగుతూ పోయేవి.

ఒకరోజు మధ్యాహ్నం కాంటా ఆగిపోయింది. యంత్రం బాగుంది, తీగలు బాగున్నాయి. బండి కాంటా మీద నిలబడే ఉంది, తూకం మాత్రం రావడం లేదు. కారణం దొరికేసరికి చాలాసేపు పట్టింది. గదిలో ఎవరి చెయ్యో తగిలి మౌస్ ఆ నల్ల కిటికీ మీద నొక్కుకుంది. ఆ కిటికీలో అక్షరాలను ఎంచుకోవడం మొదలైతే విండోస్ అక్కడి అచ్చును ఆపేస్తుంది. అచ్చు ఆగితే, అచ్చు వేయమని వాక్యం ఇచ్చిన ప్రోగ్రాం అది పూర్తయ్యేదాకా అక్కడే నిలబడిపోతుంది. అంటే తూకం వేయడం ఆగింది తూకం వల్ల కాదు, “తూకం వేస్తున్నాను” అని చెప్పుకోవడం వల్ల. ఎంటర్ మీట నొక్కగానే అంతా కదిలింది. వెనక నిలబడ్డ బండ్ల వరస చూసినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. గుమస్తా చిట్టా రాయడానికి కలం సిరా కోసం వెతుకుతుంటే సరుకు తూయడం ఆపేసిన కొట్టు లాంటిది నేను కట్టాను.

రస్ట్ లోకంలో ఈ సంగతికి చాలాకాలంగా ఒక పద్ధతి ఉంది. లాగ్ అనే చిన్న లైబ్రరీ దానికి మూలం. అది స్వయంగా ఎక్కడా ఏమీ రాయదు. ఎర్రర్, వార్న్, ఇన్ఫో, డీబగ్, ట్రేస్ అని అయిదు అంచెలుగా మాట చెప్పే మార్గం మాత్రమే ఇస్తుంది. ఆ మాటను ఫైల్లోకి పంపాలా, తెర మీదికి పంపాలా, అసలు పారేయాలా అన్నది ప్రోగ్రాం మొదలయ్యే చోట ఒక్కసారి తేలుస్తాం. ఎవరూ ఏమీ తేల్చకపోతే మాట గాలికి పోతుంది. ఆ పోవడానికి అయ్యే ఖర్చు ఎంత? ఒక అంకెను మెమరీ నుంచి తేవడం, దాన్ని ఇంకో అంకెతో పోల్చడం, పక్కకు దూకడం. అంతే.

ఇంత తక్కువ ఖర్చుతో పోవడానికి కారణం ఇవి ఫంక్షన్లు కాకపోవడం. ఇవి మాక్రోలు. ఫంక్షన్‌ను పిలిస్తే ముందు దానికిచ్చే వివరాలన్నీ లెక్కగట్టాలి, ఆ తర్వాతే లోపలికి పోతాం. మాక్రో అలా కాదు. అది రాసిన చోటే “ఈ అంచె తెరిచి ఉందా?” అన్న ప్రశ్నగా విచ్చుకుంటుంది. తెరిచి లేకపోతే వాక్యం కూర్చే పనే మొదలవదు. టోకెన్ నంబర్, తూకం, తేమ శాతం కలిపి వాక్యం చేయడానికి పట్టే సమయం మిగిలిపోతుంది. ఇంకా ముందుకు పోవాలంటే, విడుదలకు తయారుచేసే ప్రతిలో కింది అంచెల మాటలు అసలు లేకుండా కంపైల్ చేయమని ముందే చెప్పవచ్చు. అప్పుడు ఆ ప్రశ్న కూడా మిగలదు.

అయితే చిట్టాను ఎంత తేలిక చేసినా ఆ రైతు ప్రశ్నకు జవాబు రాదు. చిట్టాలో అన్ని బండ్ల వాక్యాలూ కలగలిసి ఉంటాయి. 214 టోకెన్ తేమ బల్ల దగ్గర కనిపిస్తుంది, నడుమ వంద వాక్యాలు వేరే బండ్లవి, మళ్లీ 214 కాంటా దగ్గర కనిపిస్తుంది. చేత్తో ఏరుకుంటే దొరుకుతుంది, నిజమే. కాని కావాల్సినప్పుడు ఏరుకునే తీరిక ఎవరికుంటుంది?

ఇక్కడికే ట్రేసింగ్ అనే లైబ్రరీ వస్తుంది. రస్ట్‌లో ఒకేసారి ఎన్నో పనులు నడిపే టోకియో ప్రాజెక్టులో, ముఖ్యంగా ఎలైజా వైస్‌మన్ చేతుల మీదుగా అది రూపుదిద్దుకుంది. ఇప్పటి పేరుతో 2019లో వెలువడింది. టోకియో లేకుండా కూడా వాడుకోవచ్చు. అందులో రెండు భావనలు అర్థమైతే చాలు. ఈవెంట్ అంటే ఒక క్షణం: “తేమ 17 శాతం దాటింది” వంటిది. స్పాన్ అంటే ఒక వ్యవధి: మొదలు, చివర ఉన్న పని. “కాంటా మీద ఉన్నాను” అన్నది స్పాన్. స్పాన్‌లో స్పాన్ ఇముడుతుంది. గేటు నుంచి గేటు దాకా ఒక పెద్ద స్పాన్, దాని కడుపులో తేమ, కాంటా, దిగుమతి, మళ్లీ కాంటా. ఒక స్పాన్ తెరిచి ఉన్నంతసేపూ జరిగే ప్రతి ఈవెంట్ దాని కిందే నమోదవుతుంది, టోకెన్ నంబర్‌ను మళ్లీ మళ్లీ రాయాల్సిన పని లేకుండా.

ఫంక్షన్ పైన ఇన్‌స్ట్రుమెంట్ అనే ఒక్క గుర్తు పెడితే దాని మొదలూ చివరా స్పాన్‌గా మారిపోతాయి. పాత ప్రోగ్రాంకు ట్రేసింగ్ తొడగడం ఇంత సులువు కావడం వల్లే చాలామంది దీన్ని వాడుతున్నారు. ప్రోగ్రాంలో ఇటువంటి గుర్తు ఉన్న ప్రతి చోటునూ కాల్‌సైట్ అంటారు. దాని పేరు, ఫైలు, వరస సంఖ్య, అంచె అన్నీ కంపైల్ అయినప్పుడే స్థిరపడిపోతాయి. నడిచేటప్పుడు మొదటిసారి అక్కడికి చేరినప్పుడు మాత్రం “ఈ చోటు మీద మీకు ఆసక్తి ఉందా?” అని రాసుకునేవాణ్ని అడుగుతుంది. జవాబు మూడు రకాలు: ఎప్పుడూ ఉంది, ఎప్పుడూ లేదు, సందర్భాన్ని బట్టి. ఆ జవాబును అక్కడే దాచుకుంటుంది. రెండోసారి నుంచి అడగదు, దాచుకున్నది చూసుకుని పోతుంది. గేటు మనిషికి రోజూ వచ్చే బండి తెలిసిపోయినట్టు.

ఇంత బాగా కుదిరిన పరికరంతో నేను చేసిన తప్పొకటి వివరంగా చెప్పాలి. ఎందుకంటే అది దాదాపు ప్రతి కొత్తవారూ చేసేదే, పైగా చూసినంత మాత్రాన తెలియదు.

ఆ మిల్లులో కాంటాలు రెండు. కాంటా మీదికి బండి ఎక్కగానే అంకె స్థిరపడదు, కొంతసేపు ఊగుతుంది. స్థిరపడేదాకా ప్రోగ్రాం వేచి ఉండాలి. ఆ వేచి ఉండే చోటును రస్ట్‌లో అవెయిట్ అంటారు. అక్కడికి రాగానే ఆ పని పక్కకు తప్పుకుని, అదే థ్రెడ్డును ఇంకో పనికి ఇస్తుంది. ఒకటో కాంటా అంకె స్థిరపడేలోగా రెండో కాంటా పని నడుస్తుందన్నమాట. నేను ఒకటో కాంటా దగ్గర స్పాన్‌ను ఎంటర్ అనే పద్ధతితో తెరిచాను. అది తిరిగిచ్చిన కాపలా విలువ బతికి ఉన్నంతసేపూ ఆ థ్రెడ్డు ఆ స్పాన్‌లోనే ఉన్నట్టు లెక్క. కాపలాను పట్టుకునే నేను అవెయిట్ దగ్గరికి పోయాను.

ఏం జరిగిందో చీటీ భాషలో చెబుతాను. గుమస్తా 214 చీటీని బల్ల మీద పరిచి, తూకం కోసం ఎదురుచూస్తూ పక్క బల్లకు పోయాడు. ఆ లోగా 219 బండి వివరాలు వచ్చాయి. ఎదురుగా పరిచి ఉన్నది 214 చీటీ. వివరాలు దాని మీద పడ్డాయి. ప్రోగ్రాం వేసిన తూకాలు తప్పు కాలేదు, రైతులకు అందిన చీటీలు సరైనవే. కాని నా ట్రేస్‌లో 214 కడుపులో 219 ఉంది, 219 కడుపులో 221 ఉంది. రెండు రోజులు ఆ ట్రేస్‌ను నమ్మి, లేని ఆలస్యానికి కారణం వెతికాను.

టోకియోలో పనులను వేర్వేరు థ్రెడ్ల మీదికి పంపి ఉంటే ఈ తప్పును కంపైలరే పట్టేది. ఆ కాపలా విలువ థ్రెడ్డు దాటడానికి వీల్లేనిదని దాని రకంలోనే రాసి ఉంటుంది కాబట్టి, ప్రోగ్రాం తయారే కాదు. నేను రెండు కాంటాల పనినీ ఒకే థ్రెడ్డు మీద జతచేసి నడిపాను. అందువల్ల కంపైలర్‌కు అభ్యంతరం కనబడలేదు. సరైన పద్ధతి, స్పాన్‌ను థ్రెడ్డుకు కాక పనికే కట్టడం. పని మేలుకున్నప్పుడల్లా స్పాన్ తెరుచుకుంటుంది, పని పక్కకు తప్పుకున్నప్పుడల్లా మూసుకుంటుంది. ఇలా అవెయిట్ చేసే అసింక్ ఫంక్షన్ మీద ఇన్‌స్ట్రుమెంట్ గుర్తు పెడితే లోపల జరిగేది ఇదే. చీటీ బల్ల మీద ఉండకూడదు, బండి డ్రైవర్ జేబులో ఉండాలి. ట్రేసింగ్ గురించి ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలిగితే ఈ మాటనే గుర్తుపెట్టుకోమంటాను.

గడియారాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గేటు దగ్గరి గోడ గడియారం, కాంటా గదిలోని కంప్యూటర్ గడియారం ఒకటే సమయం చూపించవు. ఒకే కంప్యూటర్‌లో కూడా గోడ గడియారం లాంటిదొకటి ఉంటుంది, దాన్ని నెట్‌వర్క్ సరిచేసినప్పుడు వెనక్కి కూడా జరగవచ్చు. దానితో వ్యవధులు కొలిస్తే బండి రాకముందే తూకం అయిపోయినట్టు తేలుతుంది. రస్ట్‌లో సిస్టమ్‌టైమ్, ఇన్‌స్టంట్ అని రెండు వేర్వేరు రకాలు పెట్టింది ఇందుకే. ఎప్పుడు జరిగిందో చెప్పడానికి మొదటిది, ఎంతసేపు పట్టిందో చెప్పడానికి ఎప్పుడూ వెనక్కి పోని రెండోది.

ఇక ఆవర్జా. మన ప్రాంతంలో మెట్రిక్స్ తెలియనివారు లేరు. వానాకాలంలో పొద్దున్నే పేపర్ తెరిచి సాగర్ ఎంత ఉంది, పులిచింతల ఎంత ఉంది అని చూస్తాం. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, పులిచింతలది 175 అడుగులు, 45.77 టీఎంసీలు. ఆ హద్దు లోపల రోజూ పెరుగుతూ తగ్గుతూ ఉండే నీటిమట్టం అంకె ఇంజనీర్ల భాషలో గేజ్. ఇంటి కరెంటు మీటర్ అంకె అలాంటిది కాదు, అది పెరగడమే తప్ప తగ్గడం ఎరగదు. అది కౌంటర్. కౌంటర్ అంకెను ఊరికే చూస్తే ఏమీ తెలియదు, రెండు వేళల అంకెల తేడా తీస్తే వేగం తెలుస్తుంది. ఒక రోజులో 1 టీఎంసీ నీరు చేరిందంటే 100 కోట్ల ఘనపుటడుగులను 86,400 సెకన్లతో భాగించాలి. దాదాపు 11,574 క్యూసెక్కుల ఇన్‌ఫ్లో వస్తుంది. వేగాన్ని నేరుగా కొలవకుండా మొత్తాన్ని కొలిచి తేడా తీయడంలో ఒక సుఖముంది. నడుమ ఒకసారి చూడడం మరిచినా లెక్క తప్పదు. ప్రోగ్రాం మళ్లీ మొదలైతే కౌంటర్ సున్నాకు పడిపోతుంది. పెరగడమే తప్ప తగ్గడం ఎరగని అంకె పడిపోయిందంటే అది కొత్త మీటర్ అని, చదివేవైపు ప్రొమీథియస్ వంటి సాఫ్ట్‌వేర్ గ్రహించుకుంటుంది. సౌండ్‌క్లౌడ్ సంస్థలో 2012లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ మనం పంపేదాకా ఆగదు, తానే వచ్చి నియమిత వ్యవధిలో అంకెలు చదువుకుని పోతుంది. ప్రోగ్రాం చేయాల్సిందల్లా అంకెను సిద్ధంగా ఉంచడమే.

రస్ట్‌లో కౌంటర్ అంటే ఒక అటామిక్ పూర్ణసంఖ్య. ఒకటి కలపడమంటే ప్రాసెసర్‌కు ఇచ్చే ఒక సూచన. తాళం లేదు, ఫైలు లేదు, వాక్యం కూర్చడం లేదు. మూడింటిలో అన్నిటికన్నా తేలికైనది ఇదే. అందుకే, ఏది పెట్టాలో తోచనప్పుడు ముందు కౌంటర్ పెట్టమని నా సలహా.

కాని సమయాలను కొలిచే చోట ఒక్క అంకె మోసం చేస్తుంది. 100 బండ్లు వచ్చాయనుకోండి. 90 బండ్లకు 20 నిమిషాలు పట్టింది, 10 బండ్లకు 5 గంటలు పట్టింది. సగటు 48 నిమిషాలు. ఆ రోజు మిల్లుకు వచ్చిన ఏ ఒక్క రైతూ 48 నిమిషాలు నిలబడలేదు! సగటు చూసి యజమాని ఫరవాలేదనుకుంటాడు, ఆ పదిమంది పొద్దంతా ఎండలో ఉంటారు. అందుకే సమయాలకు హిస్టోగ్రాం వాడతారు. 10 నిమిషాల్లోపు, 30 లోపు, గంటలోపు, 2 గంటల్లోపు అని గంపలు పెట్టి, ఏ గంపలో ఎన్ని పడ్డాయో లెక్కిస్తారు. ఒక్కో గంప ఒక్కో కౌంటరే కాబట్టి ఖర్చు పెరగదు. రెండు మిల్లుల గంపలను కలిపేసుకోవచ్చు కూడా. నూటికి తొంభైతొమ్మిది మంది ఎంత సమయంలోపు బయటపడ్డారు అన్న అంకెను మాత్రం రెండు మిల్లులవి తీసుకుని సగటు చేస్తే అర్థం లేనిది వస్తుంది. గంపలను కలిపి, ఆ తర్వాతే ఆ అంకె తీయాలి.

లక్ష కొలతల్లో ఏం ఉంచుకుంటే మనకు కావాల్సిన జవాబు పోకుండా ఉంటుందన్నది గణాంకశాస్త్రంలో చాలా లోతైన ప్రశ్న. ఆ ప్రశ్నకు మన సి.ఆర్.రావు పేరుతో గట్టి బంధముంది. 1945లో, ఇరవై అయిదేళ్ల వయసులో ఆయన రాసిన వ్యాసంలోంచే క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం వచ్చాయి. దత్తాంశంలో కావాల్సిన సమాచారమంతా ఇముడ్చుకున్న సారాంశం దొరికితే, మన దగ్గరున్న అంచనాను దాని ఆధారంగా సగటు చేసి సవరిస్తే, కొత్త అంచనా మొదటిదానికి తీసిపోదని, మామూలుగా దానికన్నా మెరుగవుతుందని రెండోది చెబుతుంది. కోదాడ దాటి విజయవాడ వైపు పోతే దారిలో వచ్చే నందిగామ, ఆయన చిన్నతనంలో చదువుకున్న ఊళ్లలో ఒకటి. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారం అందుకుని, ఆ ఏడాదే కన్నుమూశారు. హిస్టోగ్రాంకు గంపల హద్దులు ఎక్కడ పెట్టాలా అని ఆలోచించేటప్పుడల్లా, పారేసేది ఏమిటో తెలిసి పారేస్తున్నానా అని ఆయన్ను తలుచుకుని ఒకసారి సరిచూసుకుంటాను.

ఆవర్జాలో చేయకూడని పని ఒకటుంది. బండి నంబర్‌ను, టోకెన్‌ను మెట్రిక్‌కు పేరుగా తగిలించకూడదు. ప్రతి కొత్త పేరుకూ ఒక కొత్త ఖాతా తెరుచుకుంటుంది. సీజన్ ముగిసేసరికి ఒక్కో అంకె ఉన్న వేల ఖాతాలు మెమరీలో కూర్చుంటాయి. కాంటా 1, కాంటా 2 అన్న పేర్లు ఆవర్జాకు, టోకెన్ నంబర్లు చీటీకి.

ఇప్పుడు భారం సంగతి. కాంటా మీద పనిచేసేవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. వడ్ల బరువు తెలియాలంటే నిండు బండిని ఒకసారి, ఖాళీ బండిని ఒకసారి తూస్తారు. ట్రేసింగ్ బరువు తెలుసుకోవడానికీ అదే మార్గం. ఒక రోజు మొత్తంలో కాంటా నుంచి వచ్చిన అంకెలను దాచి పెట్టుకుని, ప్రోగ్రాంను ట్రేసింగ్ లేకుండా ఒకసారి, ఉంచి ఒకసారి వాటి మీద నడపాలి. తేడాయే మన పరికరం బరువు. చిన్న ముక్కలను ఇలా పదే పదే కొలవడానికి రస్ట్‌లో క్రైటీరియన్ అనే లైబ్రరీ ఉంది. ఖాళీ బండిని తూయకుండా “తేలికే” అనేవారి మాట నమ్మకండి, ఆ మాట ఎవరు చెప్పినా.

పెద్ద వ్యవస్థల్లో ఈ బరువు ఎంతుంటుందో గూగుల్ 2010లో డాపర్ అనే తన ట్రేసింగ్ వ్యవస్థ గురించి ప్రచురించిన పత్రంలో అంకెలతో చెప్పింది. మొదటి స్పాన్ తెరిచి మూయడానికి సగటున 204 నానోసెకన్లు, లోపలి స్పాన్లకు 176. మా చీటీలో పెద్ద స్పాన్ ఒకటి, లోపల అయిదు అనుకుంటే ఆ లెక్కన దాదాపు 1,084 నానోసెకన్లు, అంటే సెకనులో పది లక్షో వంతుకు కాస్త పైన. గూగుల్‌కు అదీ ఎక్కువే అయింది. మొదట్లో సగటున 1,024 అభ్యర్థనల్లో ఒకదాన్నే ట్రేస్ చేసి మిగతావి వదిలేశారు. రస్ట్‌లో కూడా టై-కేవీ డేటాబేస్ చుట్టూ పనిచేసేవాళ్లు స్పాన్ల భారాన్ని ఇంకా తగ్గించాలని మినీట్రేస్ అనే వేరే లైబ్రరీ కట్టుకున్నారు, దాని ఇప్పటి పేరు ఫాస్ట్‌రేస్.

వీటిని చూసి మిల్లులో కూడా వేయికొకటి ఎంచుకుందామా అన్న ఆలోచన నాకూ వచ్చింది. వద్దనుకున్నాను. రోజుకు వందల్లో వచ్చే బండ్లకు ఎంపిక అక్కరలేదు. పైగా వెయ్యిమందిలో ఒకరి చీటీయే దాస్తే, నన్ను అడిగిన పెద్దాయన చీటీ దాదాపుగా ఉండదు. ఎంపిక చేయడమంటే కొందరి ప్రశ్నకు జవాబు ఉండదని ముందే ఒప్పుకోవడం. తప్పనిసరైతేనే ఆ పని చేయాలి.

మా దగ్గర అసలు భారం నానోసెకన్లలో లేదు, ఫైల్లోకి రాసే చోట ఉంది. మౌస్ తగిలి కాంటా ఆగిన రోజు నేర్చుకున్నది అదే. ఇప్పుడు ట్రేసింగ్-అపెండర్ అనే లైబ్రరీతో, రాసే పనిని వేరే థ్రెడ్డుకు అప్పగించాను. ప్రోగ్రాం తన వాక్యాన్ని వరసలో పెట్టి ముందుకు పోతుంది, రాసేవాడు తన తీరికలో రాసుకుంటాడు. డిస్కు మొరాయించి వరస నిండిపోతే? ఆ లైబ్రరీ మామూలుగా 1,28,000 వాక్యాల దాకా పట్టి ఉంచుతుంది, అది దాటితే కొత్త వాక్యాలను వదిలేసి, ఎన్ని వదిలేసిందో లెక్క ఉంచుతుంది. వదలకుండా ఆగమని కూడా చెప్పవచ్చు. ఆగమంటే ప్రోగ్రాం ఆగుతుంది. నేను వదిలేయమనే చెప్పాను. తూకం ఆగడం కన్నా చిట్టాలో ఖాళీ నయం. డబ్బు లెక్కలు ఈ చిట్టాలో లేవు, అవి డేటాబేస్‌లో వేరుగా ఉన్నాయి కాబట్టి ఆ మాట అనగలుగుతున్నాను. తక్‌పట్టీ లెక్కను లాగ్ ఫైల్‌కు అప్పగించినవారు ఇలా వదిలేయకూడదు, అసలు అలా అప్పగించనే కూడదు.

ఇందులో ఒక చిన్న మెలిక. ఆ రాసే థ్రెడ్డును బతికించే కాపలా విలువ ఒకటి మన చేతికి వస్తుంది. దాన్ని ఒట్టి అండర్‌స్కోర్‌కు ఇస్తే రస్ట్ అక్కడికక్కడే దాన్ని రద్దు చేస్తుంది. రాసేవాడు ఇంటికి పోతాడు, ఫైలు ఖాళీగా ఉంటుంది, ఏ హెచ్చరికా రాదు. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఏదో ఒక పేరుకు ఇస్తే మెయిన్ ఫంక్షన్ ముగిసేదాకా బతుకుతుంది, ముగిసేటప్పుడు మిగిలిన వాక్యాలను రాసేసి మరీ పోతుంది. ఒక్క పేరు పెట్టడం, పెట్టకపోవడం మధ్య ఉన్న తేడా ఇది.

తేలిక అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ఇన్‌స్ట్రుమెంట్ గుర్తు ఫంక్షన్‌కు ఇచ్చిన వివరాలన్నింటినీ తనంతట తానే నమోదు చేస్తుంది. ఆ వివరాల్లో రైతు ఫోన్ నంబర్ ఉండవచ్చు, ఆధార్ ఉండవచ్చు, పాస్‌బుక్, బ్యాంకు ఖాతా ఉండవచ్చు. మన ఉద్దేశం లేకుండానే అవన్నీ ఒక మామూలు ఫైల్లోకి చేరి, ఆ ఫైలు బాగుచేయమని ఎవరెవరికో మెయిల్‌లో పోతుంది. అందుకని నేను ప్రతి చోటా అన్నీ వదిలేయమని ముందు చెప్పి, టోకెన్, తేమ, తూకం మాత్రం పేరుపేరునా అడిగి తీసుకుంటాను. ఆ రైతు నన్ను నమ్మి ఇచ్చింది వడ్ల తూకం కోసం, నా చిట్టా కోసం కాదు.

పెద్దాయన ప్రశ్నకు జవాబు దొరికింది, తర్వాతి సీజన్‌లో. గేటు దగ్గర టోకెన్ ఇచ్చేటప్పుడే పెద్ద స్పాన్ తెరిచి, ఆఖరి గదిలో మూసేటట్టు కట్టాక, ఒక బండి చీటీ ఇలా వచ్చింది. గేటు 5:10. తేమ 5:32 నుంచి 5:36. కాంటా మధ్యాహ్నం 1:48 నుంచి 1:53. దిగుమతి 1:58 నుంచి 2:31. ఖాళీ బండి కాంటా 3:02 నుంచి 3:05. తక్‌పట్టీ 3:40. మొత్తం పదిన్నర గంటలు. అందులో ఎవరో ఒకరు ఆ బండి మీద పనిచేసింది 45 నిమిషాలు. నిలబడ్డది 9 గంటల 45 నిమిషాలు, దానిలో 8 గంటల 12 నిమిషాలు ఒక్క చోటే, తేమ బల్లకూ కాంటాకూ నడుమ.

కాంటా ఖాళీగానే ఉంది ఆ సమయంలో. దించే గుంట నిండి ఉంది కాబట్టి, నిండు బండ్లను కాంటా మీదికి పిలవడం ఆపేశారు. గుంట ఖాళీ అయ్యే వేగం ఎంతో, దానికి ఎన్ని టోకెన్లు ఇవ్వాలో ఎప్పుడూ ఎవరూ కలిపి చూడలేదు, కలిపి చూడటానికి ఒక్క కాగితం మీద అవి ఎప్పుడూ పడలేదు. ఆ చీటీల కట్ట మిల్లువాళ్ల ముందు పెట్టాను. గుంట ఎంత వేగంగా ఖాళీ అవుతుందో చూసి టోకెన్‌కు వేళ కూడా రాసి ఇవ్వడం మొదలుపెట్టారు. ఉదయం 5 గంటలకు వచ్చేవాళ్లకు 11 గంటలకు రమ్మని ముందురోజే చెబుతున్నారు.

అచ్చు చీటీ కింద ఇంకో గీత నేనే చేర్చాను. తేమ శాతం, నిండు తూకం, ఖాళీ తూకం, నికరం, వాటి కింద “మొత్తం సమయం, అందులో నిలబడ్డది”. పెద్దాయన ఆ గీతను కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. “గంటా పది నిమిషాలు” అన్నాడు. చీటీ మడిచి, వడ్ల లెక్క రాసుకునే చిన్న పుస్తకంలో పెట్టుకున్నాడు.